బోర్డు మీద స్టేషనరీ: ‘ఏ’ రాయాలా, ‘ఈ’ రాయాలా?

మూడులాంతర్ల దుకాణం (విజయనగరం)

అందరికీ నమస్కారం. మూడు లాంతర్ల దగ్గర చిన్న దుకాణం తీస్తున్నాను. నోటు పుస్తకాలు, పెన్నులు, చార్టులు, గ్రాఫ్ షీట్లు, ఒక జిరాక్స్ మెషిన్. గురువారం పూజ. మొన్న ఫ్లెక్సీ బోర్డు వచ్చింది. 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు. పైన తెలుగులో, కింద ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ‘స్టేషనరీ అండ్ జిరాక్స్’ అని ఉంది.

బోర్డు బిగిస్తుండగా పదో తరగతి చదివే పాప గ్రాఫ్ షీట్ల కోసం వచ్చింది. ఇంకా అమ్మకం మొదలుపెట్టలేదు గానీ, చదువుకునే పిల్ల కదా అని రెండు షీట్లు ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ తలెత్తి చూసి, “అంకుల్, అది కదలకుండా ఉండే స్టేషనరీ” అంది. నాకు అర్థం కాలేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ‘ఎన్’ తర్వాత ‘ఏ’ ఉంది, ‘ఈ’ ఉండాలి అని వేలు పెట్టి చూపించింది.

ఫ్లెక్సీ వేసినాయన్ని అడిగితే, ఊళ్ళో సగం బోర్డులు ఇలాగే ఉన్నాయి, రెండూ కరెక్టే అన్నాడు. ఫోన్‌లో చూస్తే నిజంగానే రెండు మాటలూ ఉన్నాయి. ఇంకా బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపు చేయించాలి. ఇప్పుడే తేల్చుకోకపోతే తప్పు నాలుగు చోట్లకి పాకుతుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

పాప చెప్పింది కరెక్ట్ అండి. కాగితాలు, పెన్నులు అమ్మేది ‘ఈ’తో రాసే స్టేషనరీ. ‘ఏ’తో రాస్తే ఆగి ఉన్న, కదలని అని అర్థం. రెండూ కరెక్ట్ మాటలే, కానీ మీ బోర్డుకి ‘ఈ’ ఉన్నదొక్కటే కరెక్ట్.

గంటస్తంభం డీటీపీ (విజయనగరం)

నేను 19 ఏళ్ళుగా డీటీపీ చేస్తున్నాను. ఈ తప్పు ఎక్కడ పుడుతుందో దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

కస్టమర్ మ్యాటర్ నోటితో చెబుతాడు. “స్టేషనరీ అని కొట్టు బాబూ” అంటాడు. తెలుగులో రాసుకుంటే రెండూ ఒకటే, చెవికీ ఒకటే. కొట్టేవాడి చేతికి ఏది అలవాటైతే అది పడుతుంది. మా పని ఎక్కువగా పేజ్‌మేకర్, కోరల్‌డ్రాలో. అక్కడ స్పెల్లింగ్ చూసుకునే అలవాటు మాకు లేదు. పోనీ వర్డ్‌లో కొట్టినా కింద ఎర్ర గీత రాదు. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కదా, కంప్యూటర్‌కి అనుమానం ఎందుకొస్తుంది? ‘స్కూల్’లో ఒక ‘ఓ’ తగ్గితే వెంటనే గీత పడుతుంది. ఇక్కడ పడదు. అందుకే ఈ తప్పు ప్రూఫ్ దాటి, ప్లేటు దాటి, గోడ ఎక్కేస్తుంది.

నేనే కొన్నేళ్ళ క్రితం ఒకరికి 2,000 లెటర్‌హెడ్లు ‘ఏ’తో వేసిచ్చాను. వాళ్ళు గమనించలేదు. నేను తర్వాత గమనించి నా ఖర్చుతో మళ్ళీ వేసిచ్చాను. అప్పటి నుంచి ప్రూఫ్ కాగితం మీద ఈ మాట కనబడితే చుట్టూ సున్నా చుట్టి, ఆ అక్షరం పైకి చదువుతాను.

అన్నా, మీ బోర్డు మొత్తం మార్చక్కర్లేదు. అదే రంగు, అదే ఫాంట్‌లో ‘ఈ’ ఒక్కటి వినైల్ మీద కోయించి అతికించొచ్చు.

బొబ్బిలి మాస్టారు

రిటైరయ్యేదాకా హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పాను. ఏది రైటో ఇప్పటికే చెప్పేశారు. ఎందుకు రైటో చెబుతాను, ఎందుకంటే కారణం తెలిసినవాడు మళ్ళీ తప్పు రాయడు.

బేకరీ బోర్డు చూడండి. ఆ మాటని ‘ఏ ఆర్ వై’ అని రాసినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. బేకర్ అంటే రొట్టెలు చేసేవాడు, చివర ‘ఈ ఆర్’ ఉంది. దానికి ‘వై’ తగిలిస్తే బేకరీ. గ్రోసర్ అంటే పచారీ కొట్టువాడు, ‘వై’ చేరిస్తే గ్రోసరీ. అలాగే స్టేషనర్ అని ఒక మాట ఉంది. కాగితాలు, కలాలు అమ్మేవాడు అని. ‘వై’ చేరిస్తే స్టేషనరీ. దుకాణం తీస్తున్న బాబూ, నువ్వే స్టేషనర్‌వి. నువ్వు అమ్మేది స్టేషనరీ. నీ పేరులో ఉన్న ‘ఈ ఆర్’ నీ సరుకులోకి వచ్చింది.

మరి ఆ అమ్మేవాడికి ఆ పేరెలా వచ్చింది? ఇక్కడే నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ ఉంది. యూరప్‌లో అచ్చుయంత్రం రాకముందు పుస్తకాలన్నీ చేత్తో రాసుకునేవే. పారిస్, బొలోన్యా లాంటి విశ్వవిద్యాలయాల పక్కన కొందరు స్థిరంగా దుకాణాలు పెట్టుకున్నారు. వాళ్ళని లాటిన్‌లో స్టేషనేరియస్ అన్నారు. పుస్తకాన్ని కట్టలు కట్టలుగా విడదీసి, ఒక్కో కట్టనీ విద్యార్థులకి అద్దెకిచ్చేవాళ్ళు. రాసుకుని తిరిగిచ్చేయాలి. ఇప్పుడు మన కుర్రాళ్ళు నోట్సు తెచ్చుకుని జిరాక్స్ తీసుకుని ఇచ్చేస్తున్నారే, ఆ పనే. ఆ రోజుల్లో వర్తకులు చాలామంది మన వారపు సంతల్లోలాగా ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ళు. తిరగకుండా ఒకచోట నిలబడి అమ్మేవాడు కాబట్టి వీడు స్టేషనర్. అంటే ‘నిలిచి ఉన్నవాడు’.

చూశారా? ‘ఏ’తో రాసే మాటకీ అర్థం నిలిచి ఉండడమే. రెండూ ఒక తల్లి పిల్లలే. అందుకే పోలిక.

ఆ తల్లి మనకీ తెలుసు. లాటిన్‌లో నిలబడడానికి ఉన్న ధాతువూ, సంస్కృతంలో ‘స్థా’ ధాతువూ ఒక్క మూలం నుంచి వచ్చినవే. స్థానం, స్థితి, స్థిరం, స్థావరం, సంస్థ మన వైపు పిల్లలు. స్టేషన్, స్టేట్, స్టాట్యూ, స్టేటస్ వాళ్ళ వైపు పిల్లలు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని సర్ విలియం జోన్స్ కలకత్తాలో చెప్పింది 1786లో. లండన్‌లో ప్రభుత్వ స్టేషనరీ ఆఫీసు పెట్టిందీ 1786లోనే. దానికీ దీనికీ సంబంధం లేదు గానీ, పాఠం చెప్పేటప్పుడు నాకు రెండూ కలిసి గుర్తొచ్చేవి.

లండన్‌లో స్టేషనర్ల సంఘం ఇంకా పాతది. 1403లో ఏర్పడింది, 1557లో రాజశాసనం దొరికింది. చాలాకాలం అక్కడ పుస్తకం అచ్చువేయాలంటే ఈ సంఘం రిజిస్టరులో ఎక్కించాల్సి వచ్చేది. ఇంత చరిత్ర ఉన్న మాట బాబూ నీ బోర్డు మీదది. దానికి దాని అక్షరం ఇవ్వాలి.

గ్రూప్ టూ గురి (శ్రీకాకుళం)

మాస్టారూ, ఒక డౌట్. మా కోచింగ్‌లో ‘ఏ ఆర్ వై’ అయితే విశేషణం, ‘ఈ ఆర్ వై’ అయితే నామవాచకం అని గుర్తుపెట్టుకోమన్నారు. అలాగైతే డిక్షనరీ, లైబ్రరీ నామవాచకాలే కదా, వాటికి ‘ఏ’ ఎందుకు?

బొబ్బిలి మాస్టారు

మంచి ప్రశ్న నాయనా. ఆ సూత్రం ఈ ఒక్క జంట దగ్గర నిలబడుతుంది, బయటికి తీసుకెళ్తే కూలిపోతుంది. నువ్వు చూడాల్సింది నామవాచకమా విశేషణమా అని కాదు. వెనకాల ‘ఈ ఆర్’తో ముగిసే మనిషి ఉన్నాడా అని చూడు. బేకరీ వెనక బేకర్ ఉన్నాడు. కన్ఫెక్షనరీ వెనక కన్ఫెక్షనర్ ఉన్నాడు, అదీ ‘ఈ’యే, స్వీటుషాపులవాళ్ళు గమనించాలి. డిక్షనరీ వెనక ‘డిక్షనర్’ అనే మనిషి లేడు. లైబ్రరీ వెనక ఉన్నది లైబ్రేరియన్, అందులో ‘ఏ’ ఉంది. టెంపరరీ, ఇమాజినరీ, ప్రైమరీ లాంటి వాటి వెనక మనిషే లేడు, అన్నీ ‘ఏ’.

అన్నిటికీ సరిపోతుందని చెప్పను, ఇంగ్లిష్‌లో అలాంటి సూత్రం ఉండదు. ఈ జంటకి మాత్రం గట్టిగా పనిచేస్తుంది.

ఉద్దానం కొబ్బరి (మందస మండలం)

దుకాణాల సంగతి మీరంతా చెబుతున్నారు. మాకు ‘ఏ’ స్టేషనరీయే ముందు తెలుసు. తుఫాను బులెటిన్లలో చూసి నేర్చుకున్న మాట అది.

వాయుగుండం పట్టినప్పుడు వాతావరణ శాఖ ఇంగ్లిష్ బులెటిన్‌లో, గత 6 గంటలుగా దాదాపు స్టేషనరీగా ఉంది అని రాస్తారు. అంటే సముద్రంలో ఉన్నచోటే ఉంది, కదలడం లేదు అని. ఆ మాట కనబడితే మా వైపు ఎవరికీ నిద్ర పట్టదు. కదిలితే ఎటు పోతుందో లెక్క వేసుకోవచ్చు. నీళ్ళ మీద ఆగినది బలం పుంజుకుంటుందేమో, మనవైపే తిరుగుతుందేమో అని ఒకటే టెన్షన్. తిత్లీ 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి లేచేసరికి మా తాతల నాటి కొబ్బరిచెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడి ఉన్నాయి. జీడితోటలూ అంతే. ఆ రాత్రంతా ఫోన్ పట్టుకుని బులెటిన్లు చదివింది మా చెల్లి. ఇంగ్లిష్ మాటలకి అర్థం చెప్పమని నాన్న అడుగుతూ ఉంటే ఒక్కొక్కటీ చెప్పింది.

ఇంకో సంగతి. ఆ తుఫాను బొమ్మలు పంపే ఇన్శాట్ ఉపగ్రహాలని జియోస్టేషనరీ అంటారు. అదీ ‘ఏ’యే. భూమధ్యరేఖకి పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమి ఒక చుట్టు తిరిగే సమయానికే తానూ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే కింద నుంచి చూస్తే ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. మన ఇళ్ళ మీద డిష్‌ని ఒకసారి బిగించాక మళ్ళీ తిప్పక్కర్లేకపోవడానికి కారణం ఇదే. తెలుగులో భూస్థిర కక్ష్య అంటారు. మాస్టారు చెప్పిన ‘స్థా’ ఇక్కడ కూడా ఉంది, ఇప్పుడే గమనించాను.

టెక్కలి బైపాస్

స్పెల్లింగే కదా అనుకునేవాళ్ళ కోసం మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను.

మా తమ్ముడు రాత్రి పూట హైవే మీద ఆగి ఉన్న లారీని బండితో గుద్దేశాడు. లారీకి వెనక లైట్ లేదు, రిఫ్లెక్టర్ లేదు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. మేం తెలుగులో రాసిచ్చిన కాగితంలో ‘రోడ్డు మీద ఆగి ఉన్న లారీ’ అని స్పష్టంగా ఉంది. ఇన్సూరెన్స్ కోసం దాన్ని ఇంగ్లిష్‌లో టైపు చేయించాం. టైపు చేసినచోట ‘స్టేషనరీ లారీ’ అని ‘ఈ’తో కొట్టారు. మాకెవరికీ తెలియదు, సంతకం పెట్టేశాం.

నెల తర్వాత ప్రశ్న వచ్చింది: లారీలో ఉన్న కాగితం సరుకుకి సంబంధించిన వివరాలు జతచేయలేదేమి? ఆ లారీలో ఉన్నది ఇసుక! దాన్ని చదివినాయన పుస్తకాల లోడు అనుకున్నాడు. పైగా ఆగి ఉన్న లారీ అన్న అసలు ముక్క ఆ కాగితంలో ఎక్కడా లేకుండా పోయింది. నడుస్తున్న లారీని వెనక నుంచి గుద్దడం వేరు, లైటు లేకుండా నిలబెట్టిన లారీని గుద్దడం వేరు. కేసంతా ఆ తేడా మీదే ఉంది. కట్టు కట్టిన కాలుతో మా తమ్ముణ్ణి ఆటోలో కూర్చోబెట్టుకుని మూడుసార్లు తిరిగాం. చివరికి ఒక పెద్ద గుమస్తాగారు కాగితం చూసి, ఆ ఒక్క అక్షరం కింద పెన్సిల్‌తో గీత గీసి, “అమ్మా, ఇది మార్చి తీసుకురండి” అన్నారు.

మార్చి ఇచ్చాక పని కదిలింది. అప్పటి నుంచి ఇంట్లో ఏ కాగితం ఇంగ్లిష్‌లో టైపు చేయించినా నేను కూర్చుని చదివిస్తాను.

పాలకొండ టీచరమ్మ

టెక్కలి అప్పా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. తమ్ముడు ఇప్పుడు బాగున్నాడా?

నేను ఎలిమెంటరీ స్కూల్లో చెబుతాను. ఈ జంట కోసం పుస్తకాల్లో ఒక కిటుకు ఇస్తారు: ఎన్వలప్‌లో మొదటి అక్షరం ‘ఈ’, అందుకే కవర్లూ కాగితాలూ ఉండే స్టేషనరీకి ‘ఈ’ అని. మా పిల్లల దగ్గర అది పనిచేయలేదు. వాళ్ళు ఉత్తరం రాసి ఎరగరు, కవర్ అంటారు గానీ ఎన్వలప్ అనరు. తెలియనిదాన్ని పట్టుకుని ఇంకో తెలియనిదాన్ని గుర్తుపెట్టుకోవాలంటే ఎలా?

కాబట్టి నేను రెండు మన కిటుకులు తయారుచేసుకున్నాను. పేపర్ అన్న మాట చివర ‘ఈ ఆర్’ ఉంది. పేపర్ దొరికే స్టేషనరీలోనూ ‘ఈ ఆర్’. రెండోది, ‘ఆగు’. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేటప్పుడు ‘ఆగు’ని ‘ఏ’తోనే మొదలుపెడతాం కదా. ఆగి ఉన్నదానికి ‘ఏ’. మా తరగతిలో ఒకడు గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి చాపి “ఆగు!” అంటాడు, మిగతావాళ్ళు “ఏ!” అని అరుస్తారు. నెల తర్వాత అడిగినా ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు.

పిల్లలకి ఈ తప్పు ఎక్కువగా బడిలో అంటుకోదు. బడికి వచ్చే దారిలో అంటుకుంటుంది. కొత్తగా చదవడం వచ్చిన పిల్లలు కనబడిన ప్రతి బోర్డునీ కూడబలుక్కుంటూ నడుస్తారు. రోజుకి రెండుసార్లు, ఏడాది పొడవునా అదే బోర్డు. నేను నల్లబల్ల మీద రెండుసార్లు రాసినది దాని ముందు నిలుస్తుందా? అందుకే మీరు బోర్డు గురించి ఇంతగా ఆలోచించి అడగడం నాకు చాలా సంతోషంగా ఉంది.

రోడ్డు స్టేషన్ (ఆమదాలవలస)

మా తాలూకా బోర్డుల్లో ఇంకొకటి కూడా చూస్తున్నాను, ‘స్టేషనరీస్’ అని చివర ‘ఎస్’ పెడతారు. అది ఉండొచ్చా?

బొబ్బిలి మాస్టారు

అక్కర్లేదు. ఫర్నిచర్‌కి ‘ఎస్’ పెట్టం కదా, అలాంటిదే. ఎన్ని రకాలున్నా స్టేషనరీయే.

శ్రీకూర్మం వాసి

ఇంగ్లిష్ తప్పు గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటున్నాం కాబట్టి తెలుగులో దీనికి అచ్చమైన జోడీ ఒకటి చెప్పాలనిపిస్తోంది. వార్షికోత్సవాల ఫ్లెక్సీల మీద ‘బహుమతి ప్రధానం’ అని వత్తు పెట్టి రాస్తున్నారు. ఇవ్వడం అంటే ప్రదానం, వత్తు లేదు. దానంలో ఉన్న ‘ద’యే అందులోనూ ఉంది. వత్తు పెడితే ముఖ్యమైనది అని అర్థం, ప్రధాన ద్వారం, ప్రధానమంత్రి. పెళ్ళిళ్ళలో ప్రధానం ఉంగరం సంగతి వేరు, అది వాడుకలో అలాగే స్థిరపడింది.

తెలుగు రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం అని గర్వంగా చెప్పుకుంటాం. నిజమే. కానీ మనం మాట్లాడేటప్పుడు ‘ద’ని, ‘ధ’ని ఒకేలా పలికేస్తున్నాం. నోట్లో తేడా పోయినచోటే చేతిలో తప్పు వస్తోంది. ఇంగ్లిష్‌వాళ్ళకీ అదే జరిగి ఉంటుంది.

బొబ్బిలి మాస్టారు

అదే జరిగింది. ఆ ‘ఏ’నీ ‘ఈ’నీ వాళ్ళు నొక్కి పలకరు. నాలుక కిందే నలిగిపోతాయి. అందుకే అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఈ జంటలో తప్పు రాస్తారు. మన పిల్లలు తప్పు రాస్తే తెలివి తక్కువ అనుకోకండి. చెవి సాయం చేయని మాట ఇది, కంటితోనే పట్టుకోవాలి. శ్రీకూర్మం వారు చెప్పిన ప్రదానం కూడా అంతే.

కోట జంక్షన్ క్యాషియర్ (విజయనగరం)

బ్యాంకులో మాకు ప్రిన్సిపల్‌తో ఇదే బాధ. అప్పు అసలుకి చివర ‘పీ ఏ ఎల్’, నియమానికి చివర ‘పీ ఎల్ ఈ’. కాలేజీ ప్రిన్సిపాల్‌కీ, అప్పు అసలుకీ ఒకటే స్పెల్లింగ్ అని చెబితే కస్టమర్లు నమ్మరు. రెండిటికీ అర్థం ‘ముఖ్యమైనది’ అనే. వడ్డీకి అసలు ముఖ్యం, కాలేజీకి ఆయన ముఖ్యుడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఇది ప్రధానమే!

టెక్కలి బైపాస్

పాలకొండ అప్పా, తమ్ముడు నడుస్తున్నాడు. చలికాలంలో కొంచెం నొప్పి ఉంటుంది, అంతే. అడిగినందుకు సంతోషం.

మూడులాంతర్ల దుకాణం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక అక్షరం గురించి అడిగితే ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. మాస్టారు రాసినది మా ఆవిడకి చదివి వినిపించాను. ఒకచోట నిలబడి అమ్మేవాడు అన్న మాట దగ్గర తను నన్ను ఆపి, మళ్ళీ చదవమంది. మా నాన్న 30 ఏళ్ళు సైకిల్ మీద పలకలు, బలపాలు, పెన్సిళ్ళు పెట్టుకుని గజపతినగరం వైపు ఊళ్ళల్లో తిరిగి అమ్మారు. ఒకచోట నిలబడి అమ్మడం మా ఇంట్లో నాతోనే మొదలు.

ఈ ఉదయం గంటస్తంభం తమ్ముడి సలహా ప్రకారం వినైల్ మీద ‘ఈ’ కోయించాను. నిచ్చెన వేసుకుని నేనే ఎక్కి అతికించాను. మొదటిసారి కొంచెం వంకర పడింది, జాగ్రత్తగా లేపి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అంటించాను. దగ్గరికొస్తే అంచు కనబడుతుంది, రోడ్డు మీద నుంచి తెలియదు.

తమ్ముడూ, బిల్లు పుస్తకాలు, స్టాంపు మీ దగ్గరే చేయిద్దామనుకుంటున్నాను. 5 పుస్తకాలు, ఒక్కో దానిలో 100 బిల్లులు, కార్బన్ లేకుండా రెండు కాపీలు పడేవి. రేపు ప్రూఫ్ చూడడానికి ఎన్నింటికి రమ్మంటారు?

గంటస్తంభం డీటీపీ

పదిన్నరకి రండి అన్నా. ‘ఈ’ చుట్టూ సున్నా చుట్టి ఉంచుతాను. పైకి మీరే చదవండి.